ఇమ్యూనిటీ పెంచితే నెగటివ్ అవుతుందన్నారు: హెపటైటిస్ బి తో నా అనుభవం

కువైట్‌కి పనికి వెళ్లేముందు చేసే మెడికల్ టెస్టులో ఫెయిలైనవాళ్లకి ఇచ్చే కాగితం మీద కారణం ఒక్క ముక్కలో ఉంటుంది. నా కాగితంలో "హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ - అన్‌ఫిట్" అని ఉంది. మాది రాజంపేట దగ్గర పల్లె. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి అన్‌ఫిట్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. హెచ్‌బీఎస్ఏజీ అంటే ఏమిటో మాత్రం పెద్దవాళ్లకి కూడా తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు: లివర్‌ని పట్టుకునే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందని రక్తంలో కనిపించే గుర్తు అది. చెన్నైలో ఓఎంఆర్ మీద ఐటీ బిల్డింగుల్లో చిల్లర్ ప్లాంట్లు చూసే ఏసీ టెక్నీషియన్ని నేను. ఆకలి బాగుంది, నిద్ర బాగుంది, ఎండలో టెర్రస్ మీద కూలింగ్ టవర్ల దగ్గర పని చేసినా అలసట లేదు. అలాంటి ఒంట్లో పుట్టినప్పటి నుంచీ ఒక వైరస్ ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఏజెంటు మంచివాడే. "టెన్షన్ పడొద్దు తమ్ముడూ, ఆరు నెలల్లో నెగటివ్ చేయించుకుని రా, మళ్లీ పంపిస్తా" అన్నాడు. అదేదో కారుకి పొల్యూషన్ సర్టిఫికెట్ చేయించుకు రమ్మన్నంత తేలిగ్గా చెప్పాడు. ఎక్కడ చేయించుకోవాలో కూడా ఆయనే చెప్పి, ఇమ్యూనిటీ పెంచుతామనే ఒక సెంటరు నంబరిచ్చాడు.

ముందు మా ఏరియాలో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన రిపోర్టుల్లో, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ అంకె చూసి, "ఎస్‌జీపీటీ 31, నార్మల్. ఇప్పుడు మందు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి టెస్టు చేయించుకోండి" అన్నారు. నెగటివ్ ఎప్పుడవుతుంది సార్ అంటే, "చాలామందికి అవదు" అని తరవాతి పేషెంటుని పిలిచారు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదని ఇప్పుడు తెలుసు. కానీ వీసా పోయి, కొత్త ఇంటి మీద అప్పు నెత్తిన ఉన్న మనిషికి ఆ మాట ఎంతసేపు సరిపోతుంది? ఇలాంటి సెంటర్లకి జనం ఎందుకు వెళ్తారని అడిగేవాళ్లు ముందు ఆ రెండు మూడు నిమిషాల గురించి ఆలోచించాలి.

ఏజెంటు చెప్పిన సెంటరు వాళ్లు నాతో గంటసేపు మాట్లాడారు. మా నాన్న ఎలా పోయారు, నేను ఏం తింటాను, రాత్రి షిఫ్టులెన్ని, అన్నీ రాసుకున్నారు. తెలుగు మాట్లాడే కౌన్సిలరు అమ్మాయిని కూర్చోబెట్టారు. వైరస్ గురించి ఆమె చెప్పిన సూత్రం చాలా సులువుగా ఉంది: మీ ఇమ్యూనిటీ తక్కువగా ఉంది కాబట్టి వైరస్ ఉంది, ఇమ్యూనిటీ పెంచితే వైరస్ పోతుంది. కరోనా రోజుల్లో కషాయాలు తాగినవాళ్లం కదా, ఆ మాట మనకి కొత్తగా అనిపించదు.

ఆ తరవాత ఇమ్యూనిటీ కొలిచారు. వైరు తగిలించిన ఒక లోహపు కడ్డీ చేతిలో పెట్టారు, వైరు రెండో కొస కంప్యూటర్‌కి. నిమిషంలో స్క్రీను మీద లివరు, కిడ్నీలు, గుండె రంగురంగుల్లో వచ్చి, ఇమ్యూనిటీ 42 శాతం అని చూపించింది. కరెంటు కొలిచే మల్టీమీటరు రోజూ పట్టుకునేవాణ్ని కదా, నాకు అనుమానం వచ్చింది. చెయ్యి తుడుచుకుని ఇంకోసారి చూడమన్నాను. ఈసారి 57 వచ్చింది. "మీరు రిలాక్స్ అయ్యారు సార్, అందుకే" అంది ఆ అమ్మాయి తడుముకోకుండా.

నన్ను ఒప్పించింది ఆ మెషీను కాదు, గోడ మీద లామినేట్ చేసి పెట్టిన ఒక కాగితం. 1988లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం మొదటి పేజీ అది. నేల ఉసిరి పొడి 30 రోజులు ఇస్తే హెపటైటిస్ బి ఉన్న 37 మందిలో 22 మందికి, అంటే 59 శాతం మందికి, హెచ్‌బీఎస్ఏజీ పోయింది. ఉత్తుత్తి మందు తిన్న 23 మందిలో ఒక్కరికే పోయింది. పరిశోధన చేసింది మద్రాసు యూనివర్సిటీ వాళ్లు. వాళ్ల వైద్య పరిశోధన సంస్థ తరమణిలో ఉంది, నేను రోజూ బండి మీద దాటుకుంటూ పోయే దారి. పైగా ఆ వ్యాసం రాసినవాళ్లలో ఈ వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి తీసుకున్న బ్లూమ్‌బర్గ్ కూడా ఉన్నారు. ఇందులో కల్పించింది ఏమీ లేదు, ఆ వ్యాసం నిజంగానే వచ్చింది. మా అవ్వ కామెర్లకి నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చేది. చెన్నైలో దాన్నే కీళానెల్లి అని మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతారు. అవ్వ మందు, నోబెల్ సైంటిస్టు పేరు ఒకే కాగితం మీద కనిపిస్తే కాదనడానికి నోరెలా వస్తుంది?

ప్యాకేజీ 65 వేలు, రెండు వాయిదాలు. వారానికోసారి విటమిన్ సి డ్రిప్, దాంతో గ్లూటాథయోన్ ఇంజెక్షన్, ఓజోన్ థెరపీ. ఇంట్లో వేసుకోవడానికి నేల ఉసిరి, తిప్పతీగ, అశ్వగంధ కలిపిన క్యాప్సూల్స్. థైమోసిన్ అని ఇంకో ఇంజెక్షన్ కూడా ఉంది, అది వేరే ధర, మనవల్ల కాదు. ఆ థైమోసిన్ ఉత్త గాలి మందేమీ కాదు, హెపటైటిస్ బి కి కొన్ని దేశాల్లో అనుమతి ఉన్న మందే. ఇలాంటి చోట్ల తిప్పలంతా ఇదే: నిజమైనదీ, సగం నిజమైనదీ, బొత్తిగా లేనిదీ ఒకే బిల్లులో వస్తాయి. విడదీసి చూసుకునే తెలివి పేషెంటుకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఓజోన్ గురించి మాత్రం నాకు ముందే కొంత తెలుసు. హోటల్ రూముల్లో సిగరెట్ కంపు పోవడానికి ఓజోన్ జనరేటర్ పెడతాం. పెట్టేముందు మనుషుల్ని బయటికి పంపి, తలుపేసి, అయిపోయాక గాలి ఆడనిచ్చి గానీ లోపలికి రానివ్వం. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటున పది లక్షల భాగాల గాలిలో 0.1 భాగం మించి ఓజోన్ ఉండకూడదని మాకు సేఫ్టీ ట్రైనింగ్‌లో చెప్తారు. ఆ గ్యాస్‌ని ఇక్కడ రక్తంలో కలుపుతారట. పడక కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతి దగ్గర సూది గుచ్చి, గాజు సీసాలోకి సుమారు 100 మి.లీ. రక్తం తీశారు. సీసాకి మెషీను గొట్టం తగిలించి గ్యాస్ వదిలి, నర్సమ్మ సీసాని అటూ ఇటూ మెల్లగా ఊపింది. నల్లగా ఉన్న రక్తం చూస్తుండగానే చిక్కటి ఎరుపుకి తిరిగింది. "చూశారా, ప్యూరిఫై అయింది" అంది. అదే రక్తం అదే సూదిలోంచి మళ్లీ లోపలికి ఎక్కించారు. గొట్టం విప్పినప్పుడు ఘాటుగా వచ్చిన వాసన నాకు బాగా తెలిసిన వాసనే.

రంగు మారడానికి కారణం తరవాత తెలిసింది. సిర నుంచి తీసిన రక్తంలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. ఓజోన్ మెషీను వదిలేదాంట్లో ఎక్కువ భాగం ఆక్సిజనే. ఆక్సిజన్ తగిలితే ఎవరి రక్తమైనా ఎర్రబడుతుంది, వైరస్ ఉన్నా లేకపోయినా. మందుల్ని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లో ఓజోన్ విషవాయువనీ, వైద్యంలో దానికి తెలిసిన ఉపయోగం ఏదీ లేదనీ స్పష్టంగా రాసి ఉంది.

డ్రిప్ గదిలో అందరం ఒకరికొకరం తెలిసిపోయాం. నెల్లూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చేది, భర్తతో కలిసి పొద్దున్నే రైలెక్కి. ఆమెకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ తిరగబెడుతోంది. కల్చర్ టెస్టులో చాలా యాంటీబయాటిక్స్ పనిచేయవని వచ్చిందట. "ఎన్ని మాత్రలని మింగేది నాయనా, కడుపంతా మంట. ఇక్కడైతే పలకరించే దిక్కైనా ఉంది" అనేది. పాపం, ఆమె షుగరు 280 దాటి ఉందని భర్త మాటల్లో తెలిసింది. షుగరు అంత ఉంటే ఇన్‌ఫెక్షన్లు తిరగబెడుతూనే ఉంటాయని నాలాంటివాడికే తెలుసు. అక్కడ మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తరు. మూలన ఒక కుర్రాడు, రెండోసారి టీబీ వచ్చిందట, ఫోన్లో క్రికెట్ చూస్తూ పసుప్పచ్చటి డ్రిప్ ఎక్కించుకునేవాడు. టీబీ మందులు వాడుతున్నావా అంటే, వేడి చేస్తున్నాయని ఆపానన్నాడు. నాకు గుండె గుభేల్‌మంది. అడగకపోయినా మా ఊళ్లో టీబీ మధ్యలో ఆపినవాళ్ల సంగతులు చెప్పాను. విన్నాడో లేదో తెలియదు, తరవాత కనిపించలేదు.

కొన్నాళ్లకి నాకు అన్నం వాసన పడలేదు. ఒళ్లంతా దురద. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. మా ఆవిడ, "అద్దంలో కళ్లు చూసుకున్నారా?" అంది. తెల్లగుడ్డు పచ్చబడింది. ఎస్‌జీపీటీ 410, కామెర్లని కొలిచే బిలిరుబిన్ 4 దాటింది. సెంటర్‌కి ఫోన్ చేస్తే కౌన్సిలరు అమ్మాయి గొంతులో సంతోషమే వినిపించింది. "కంగ్రాట్స్ సార్, మీ ఇమ్యూనిటీ లేచి వైరస్‌ని కొడుతోంది. ఇది హీలింగ్ క్రైసిస్, నయమయ్యేముందు ఇలాగే ఉంటుంది. క్యాప్సూల్స్ ఆపొద్దు."

మా ఆవిడ ఆ ఫోన్ లాక్కుని కట్ చేసి, అదే రోజు నన్ను లివర్ స్పెషలిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఈ డాక్టరుగారు క్యాప్సూల్స్ డబ్బా తెచ్చారా అని మొదట అడిగారు. లేబుల్ చదివి, అన్నీ ఆ క్షణం నుంచే ఆపమన్నారు. రక్తం గడ్డకట్టడం ఎలా ఉందో చూసే ఐఎన్ఆర్ టెస్టు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్, అల్ట్రాసౌండ్, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ రాశారు. ఐఎన్ఆర్ బాగుందని తెలిశాక గానీ కుర్చీలో వెనక్కి వాలలేదు. అప్పుడు నెమ్మదిగా చెప్పిన సంగతులే ఈ రాతకి అసలు కారణం.

హెపటైటిస్ బి వైరస్ తనంతట తాను లివర్ కణాన్ని పెద్దగా చంపదట. వైరస్ చేరిన కణాల్ని మన ఇమ్యూనిటీయే చంపుతుంది. ఎస్‌జీపీటీ పెరగడమంటే ఆ కణాలు పగిలి లోపలిది రక్తంలోకి కారడం. దొంగ ఇంట్లో దాక్కుంటే పట్టుకోవడానికి పోలీసులు గోడలు పగలగొడుతున్నట్టు, దొంగ దొరక్కపోయినా గోడలు పోతాయి. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి 95 మందికి పైగా ఆరు నెలల్లో దానంతటదే పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి వస్తే నూటికి 90 మందిలో ఉండిపోతుంది, ఎందుకంటే పసిబిడ్డ ఇమ్యూనిటీ దాన్ని పరాయిదని గుర్తించదు. అలా ఏళ్ల తరబడి ఊరుకుంటుంది. ఎప్పుడో ఒక వయసులో గుర్తించి కొట్టడం మొదలుపెడుతుంది, ఆ కొట్లాట దీర్ఘకాలం సాగితే లివర్ గట్టిపడి సిర్రోసిస్ వస్తుంది. "కాబట్టి మీకు ఇమ్యూనిటీ తక్కువ అన్నమాట తప్పు. అది ఎక్కువైతే మంచిదన్నమాట కూడా తప్పే" అన్నారు.

మరి ఆ అమ్మాయి చెప్పింది నిజమే కదా సార్, ఇమ్యూనిటీ కొడుతోందంటే వైరస్ పోతోందనేగా అన్నాను. ఆయన నవ్వి, అలా జరగడం ఉందన్నారు. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున 48 వారాలు ఇచ్చేది కొంతవరకు అందుకే. కానీ అది ఎవరికి ఇవ్వాలో లెక్క ఉంటుంది, నెలనెలా రక్తం చూస్తూ ఇస్తారు, కొందరికి అదీ పనిచేయదు. లివర్ అప్పటికే గట్టిపడినవాళ్లకి అలాంటి ఎదురుదెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. నాది వైరస్ పోయే కొట్లాటో, క్యాప్సూల్ పుణ్యమో వైరల్ లోడ్ చెప్తుందన్నారు. అది 8,700 వచ్చింది. సెంటర్‌లో చేరకముందు చేయించినప్పుడూ దాదాపు అంతే. వైరస్ ఎక్కడికీ పోలేదు, పెరగలేదు కూడా. మందులన్నీ ఆపాక ఎస్‌జీపీటీ దిగుతూ వచ్చి నార్మల్‌కి చేరింది. మూలికల వల్ల లివర్ దెబ్బతిందనే ఎక్కువ అవకాశం అని ఫైల్లో రాశారు.

తిప్పతీగతో అలా అవుతుందా అంటే, 2021లో ముంబై డాక్టర్లు కరోనా కాలంలో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న ఆరుగురు పేషెంట్ల సంగతి వైద్య పత్రికలో రాశారని చెప్పారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, తిప్పతీగని పోలిన వేరే తీగతో పొరబడ్డారేమో అంది. అశ్వగంధ మీద కూడా విదేశాల్లో అలాంటి రిపోర్టులున్నాయి. నా డబ్బాలో ఏది దెబ్బకొట్టిందో ఎవరూ తేల్చలేరు, మూడూ కలిపి ఉన్నాయి. విటమిన్ సి డ్రిప్ ముందు జీ6పీడీ టెస్టు చేశారా అని అడిగారు. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి అంత మోతాదు సి విటమిన్ నరంలో ఎక్కిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. చేయలేదు.

ఇంక ఆ లాన్సెట్ కాగితం సంగతి. నేను ఫోన్లో తీసుకున్న ఫోటో చూపిస్తే వెంటనే గుర్తుపట్టారు. "మేం చదువుకునేటప్పుడు దీని మీద ఎంత ఆశ పెట్టుకున్నామో" అన్నారు. ఆ తరవాత బొంబాయిలో, థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో అదే మొక్కతో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మొక్క ఎక్కడిది, ఏ కాలంలో కోసింది అని చాలా వాదనలు జరిగాయి గానీ, అన్నీ కలిపి చూసినవాళ్లు నమ్మదగ్గ ఆధారం లేదనే తేల్చారు. 1988 వ్యాసం గోడ ఎక్కింది, తరవాతివి ఎక్కలేదు. ఆ సెంటర్ మీద నాకు అన్నిటికంటే కోపం వచ్చింది ఈ విషయానికే. ఓజోన్‌కి కూడా అంత రాలేదు.

మా మేనమామ లివర్ క్యాన్సర్‌తో పోయాడని మాటల మధ్యలో చెప్పాను. డాక్టరుగారు పెన్ను ఆపి, "మీ అమ్మకి సొంత తమ్ముడా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నా వైద్యమే మారిపోయింది. 2024 మార్చిలో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో లివర్ క్యాన్సరో సిర్రోసిస్సో ఉంటే, ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నా మందు మొదలుపెట్టొచ్చు. టెనోఫోవిర్, రోజుకొక మాత్ర. ఇది వైరస్‌ని అణచి ఉంచుతుంది, క్యాన్సర్ ముప్పు తగ్గిస్తుంది. హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్ అవడం మాత్రం అరుదు, మందు లేకుండా అయినా ఏడాదికి నూటికి ఒకరికి అటూ ఇటుగా. వైరస్ తన డీఎన్ఏని లివర్ కణం కేంద్రకంలో దాచుకుంటుంది, ఇప్పుడున్న మాత్రలు అక్కడికి చేరవు. డాక్టరు సలహా లేకుండా మధ్యలో ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించొచ్చు. కిడ్నీ కోసం క్రియాటినిన్, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చూపించుకోవాలి. కువైట్ సంగతి అక్కడితో ముగిసింది, ఏజెంటుకి ఫోన్ చేసి చెప్పేశాను. టెస్టులో నా రక్తానికి బదులు వేరేవాళ్ల రక్తం ఇచ్చే ఏర్పాటు ఉందన్నాడు. వద్దన్నాను.

మాత్రలు ఊరికే వస్తున్నాయి. 2018 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన హెపటైటిస్ పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో టెస్టులు, మందులు ఉచితం. ఈ సంగతి ప్యాకేజీకి 65 వేలు కట్టేముందు నాకు ఎవరూ చెప్పలేదు, ఆ మొదటి డాక్టరుగారు కూడా. దేశంలో దాదాపు 3 కోట్ల మందికి ఈ వైరస్ ఉందని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. ఆసుపత్రి క్యూలో నిలబడితే తెలుస్తుంది, మనం ఒంటరివాళ్లం కాదని. అరవం, తెలుగు, హిందీ, అన్ని భాషలూ వినిపిస్తాయి.

కష్టమైన పని ఇంకొకటి మిగిలింది: అమ్మకి టెస్టు చేయించడం. ఊరికి వెళ్లి, బీపీ టెస్టుతో పాటు ఇదీ చేయిద్దామని చెప్పి రక్తం ఇప్పించాను. పాజిటివ్. ఎంత దాచినా ఆమెకి అర్థమైపోయింది. పెరట్లో అంట్ల దగ్గర కూర్చుని, చేతిలో గిన్నె అలాగే పట్టుకుని, "నా దాన్నే నీకు అంటించినానా నాయనా?" అంది. నీకు మీ అమ్మ నుంచి వచ్చి ఉంటుందమ్మా, ఆమెకి వాళ్లమ్మ నుంచి, అప్పట్లో టీకా ఎక్కడుంది అన్నాను. కాసేపటికి "మీ మామకి కూడా ఇదేనా?" అంది. అయ్యుండొచ్చు అన్నాను. మామని పసరు మందుకి ఏ ఊరు తీసుకెళ్లిందీ, ఎన్నాళ్లు ఉప్పులేని పత్యం పెట్టిందీ ఆ సాయంత్రమంతా చెప్తూనే ఉంది.

మా ఆవిడకి నెగటివ్ వచ్చింది, టీకా మూడు డోసులు వేయించాం: మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. బాబుకి మొదటి డోసు పుట్టిన రోజే ఆసుపత్రిలో వేశారు. మా అక్క కడపలో చూపించుకుంది, ఆమెకీ పాజిటివే, లివర్ మాత్రం బాగుంది. బావకి, పిల్లలకి టెస్టులు అయ్యాయి, అందరికీ నెగటివ్. ఇప్పుడు అమ్మ మందు, అక్క చెకప్పులు అక్కడి ప్రభుత్వాసుపత్రిలోనే నడుస్తున్నాయి. అమ్మ మాత్ర వేసుకున్న రోజల్లా క్యాలెండర్లో తారీఖు చుట్టూ గీత గీస్తుంది, నెలాఖరుకి నాకు ఫోటో తీయించి పంపుతుంది.